సమస్యాపూరణం: మాట రానివాడె మాట నేర్పె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య:

మాట రానివాడె మాట నేర్పె

ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. అయిదు గణాలూ హగణాలే (ఒక గురువు, అంటే బరువైన అక్షరం; వెంట ఒక లఘువు, అంటే తేలికైనది) కాబట్టి నడక కాస్త బరువుగా ఉంటుంది. పై పాదాల్లో నగణాలు (మూడు లఘువులు) వేసి తేలిక చేసుకోండి. విషయం కూడా నేనే ఇస్తున్నాను. రోజూ వాడే వస్తువులకి, పనులకి మనవాళ్ళ మధ్య మాత్రమే చెల్లే సొంత పేర్లు పెట్టుకుంటాం కదా, దాని మీద రాయండి. మౌనంగా బోధించిన దక్షిణామూర్తిని మాత్రం తీసుకురాకండి. ఆయన అందరికీ ముందే తడతాడు.

తొలకరి: నా పూరణ:

గాలిపంక జూచి గరగర యని పిల్చె
ఇంటిలోన నెల్లరిపుడు నదియె
పలుకుచుంద్రు, తాత పాతపేరు మరచె
మాట రానివాడె మాట నేర్పె

గణగణ: యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) సరిపోయాయి. పిలిచిందెవరో చివరి పాదం దాకా చెప్పకపోవడం బాగుంది. సమస్యలోని 'వాడె' దగ్గరికి వచ్చేసరికి పసివాడు కనిపిస్తాడు. ఒక్క అభ్యంతరం: వాడుకలో ఉన్నది 'పంకా'. గణం కోసం 'పంక' చేశారు.

తొలకరి: అవునండీ, దీర్ఘం ఉంచితే సూర్యగణం (హగణం లేదా నగణం) పడదు. ఇంకో దారి దొరకలేదు.

నిర్వాహకుడు: పంకకి అంత పట్టింపు అక్కర్లేదు. ఈ పద్యంలో ప్రాణమంతా తాతలో ఉంది. ఇంట్లో వాళ్ళు పసివాడి మాట సరదాకి అనడం మామూలే. పాత పేరు మరిచిపోయేదాకా వచ్చిందంటే ఆ మాట నిలబడినట్టే.

ఓనమాలు: నేను కొత్త, తప్పులుంటే చెప్పండి. ఇది మా స్నేహితుల గుంపు సంగతి.

కొత్తవాడు భాష కొంచెమే నేర్చెను
తప్పు పలికినపుడు నవ్వినారు
అదియె నేడు మనకు నానవాలైపోయె
మాట రానివాడె మాట నేర్పె

గణగణ: 'తప్పు' అన్న పాదంలోనే యతి తప్పింది! త కి న తో మైత్రి లేదు. ప్రాసయతి (రెండో అక్షరాల పోలిక) అనుకుందామన్నా 'ప్పు'కి 'వ్వి' కలవదు. పైగా నవ్విన వాళ్ళెవరు? మూడో పాదంలో 'మనకు' అని, ఇక్కడ 'నవ్వినారు' అంటే వేరెవరో నవ్వినట్టుంది.

తొలకరి: ఇలా మారిస్తే రెండూ తీరతాయి: 'తప్పు పలుక నవ్వు తన్నుకొచ్చె'.

ఓనమాలు: అక్కా, థాంక్స్! ఇదే ఉంచుతాను.

గణగణ: ఇంకోటి. ఆ తప్పు మాటేదో పద్యంలో లేదు. తొలకరిగారు 'గరగర' అని చూపించారు కదా.

ఓనమాలు: చెప్పేస్తే ఇక అది మా గుంపు మాట ఎలా అవుతుంది అన్నా?

నిర్వాహకుడు: ఈ జవాబుకి పద్యం కంటే ఎక్కువ మార్కులు వేయాలి. 'ఆనవాలు' అన్న మాట కూడా సరిగ్గా పడింది. గుంపు మాట పని వస్తువుని చూపించడం ఒక్కటే కాదు, ఎవరు మనవాళ్ళో తెలియజేయడం కూడా.

సంజ్ఞ: నాది ఇంటి సంగతి కాదు, నిజంగా జరిగింది. నికరాగువా రాజధాని మనాగువాలో 1970ల చివర బధిర పిల్లలని ఒక బడిలో చేర్చారు. 1983 నాటికి రెండు బళ్ళలో కలిపి 400 మందికి పైగా అయ్యారు. టీచర్లు పెదవుల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు, అది పెద్దగా ఫలించలేదు. ఈలోగా పిల్లలు ఒక్కొక్కరూ ఇంట్లో వాడుకునే సైగలని ఆటస్థలంలో కలిపేసి సొంత భాష అల్లుకున్నారు. తర్వాత చేరిన చిన్నవాళ్ళు దానికి ఇంకా పకడ్బందీ వ్యాకరణం తెచ్చారు. ఏం జరుగుతోందో పెద్దలకి అర్థం కాక, 1986లో జూడీ కెగెల్ అనే భాషావేత్తని పిలిపించారు.

చెవులు వినని వారు చేతుల నాడించి
బడికి దెలియనట్టి పలుకు కూర్చి
పెద్దవారి కదియె బిడ్డలు చూపింప
మాట రానివాడె మాట నేర్పె

గణగణ: 'బిడ్డలు' బహువచనం, 'వాడె' ఏకవచనం. జాతికి ఏకవచనం అని సర్దుకోవచ్చు గానీ అతుకు కనిపిస్తోంది.

తొలకరి: నాకు వేరే ఇబ్బంది. సైగ కూడా మాటే కదా. వాళ్ళని 'మాట రానివాడు' అనడం న్యాయమా?

సంజ్ఞ: రాదని అనుకున్నది బడి. రెండో పాదంలో 'బడికి దెలియనట్టి' అన్నది అందుకే.

నిర్వాహకుడు: ఒప్పుకుంటాను. సమస్యలోని విరోధాన్ని ఇంత లోతుగా విప్పింది ఈ పూరణే. ఏకవచనం సంగతి మాత్రం గణగణగారిదే రైటు.

తుంటరి: నాది క-భాషలో, ప్రతి అక్షరానికీ ముందు 'క' పెట్టి! కమాకట కరాకని కవాకడె...

గణగణ: నాయనా, ప్రతి అక్షరం ముందూ ఒక లఘువు వచ్చి కూర్చుంటే 'మాట' కాస్తా లఘువు, గురువు, రెండు లఘువులు అయింది. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే గణం సూర్యగణాల్లో లేదు, బేసి పాదాల చివర వచ్చే ఇంద్రగణాల్లోనూ లేదు. క-భాషలో ఆటవెలది రాయాలంటే అన్నీ లఘువులే వేసుకోవడం తేలిక.

తుంటరి: అన్నీ లఘువులే వేసి రేపు తెస్తా.

నిర్వాహకుడు: సమస్య పాదంలోనే అయిదు గురువులున్నాయి, ఏం చేస్తావో చూస్తాం. ఈ వారానికి తొలకరిగారి పద్యం మొదటిది, సంజ్ఞగారిది దాని వెనకే. ఓనమాలు సవరించిన ప్రతిని మళ్ళీ పెట్టాలి. వచ్చే వారానికి:

పేరు లేనిదాని పేరు మరచె

ఓనమాలు: ఛందస్సు ఇదేనా?

నిర్వాహకుడు: ఇదే. ఈసారి యతి చూసుకుని పెట్టు.