ఊరేగింపు కోలాటంలో వెనక వరసకి తాళం తప్పుతోంది, ఏం చేయాలి?

మాది ఆడవాళ్ల కోలాటం బృందం. గుడి మండపంలో గుండ్రంగా ఆడితే అందరి కోలలూ ఒక్క దెబ్బలా టక్కుమంటాయి. జడ కోలాటం కూడా తాళ్లు చిక్కుపడకుండా అల్లి, మళ్లీ విప్పేస్తాం. వీధిలో రెండు వరసలుగా నడుస్తూ ఆడేటప్పుడే వస్తుంది తంటా.

సౌండ్ బాక్సు ముందు ఆటోలో ఉంటుంది. చివరి జంటలు దానికి 30 మీటర్ల వెనక. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి, వాళ్లకి పాట సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా అందుతుంది. నెమ్మది కోపుల్లో (కోలాటం అడుగుల వరసల్లో) తెలియదు గానీ జోరందుకున్నాక అది చాలు. ముందువాళ్ల కోలలు చూసి వేస్తే పాటతో కుదరదు, పాట విని వేస్తే ముందువాళ్లతో కుదరదు. పాపం, తిట్లు మాత్రం వెనకవాళ్లకే.

బాక్సు లేకుండా డోలక్ మీద ఆడితే ఇంకో గొడవ. ఎవరూ వెనకబడకూడదని ఒకరినొకరు తరుముకుంటూ పాట సగానికొచ్చేసరికి పరుగే. డోలక్ ఆయనా మాతో పాటే పరిగెడతారు! 2000లో లండన్ మిలీనియం బ్రిడ్జి కాస్త ఊగగానే, దానిమీద నడిచే జనం తెలియకుండానే ఆ ఊపుకి అడుగులు కలిపారు. ఊపు ఎక్కువై, తెరిచిన రెండు రోజులకే బ్రిడ్జిని మూసేశారు. మేం కావాలని కలపబోతే కలవట్లేదు.

అనుభవమున్నవాళ్లు చెప్పండి. ఆటోని వరసల మధ్య నడిపిస్తే నయమా? వెనక ఇంకో బాక్సు పెడితే మధ్యవాళ్లకి రెండు పాటలు వినబడతాయా? గురువుగారు విజిల్ ఎక్కడ నిలబడి ఊదాలి? వేగం పెరగకుండా సాధన ఎలా చేయిస్తారు? బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.