పాత వి8 పికప్: లోడ్ మీద నాకింగ్, కార్బురేటర్‌లోంచి పేలుడు

ప్రశ్న:
1978 షెవ్రొలే సి10, 350 ఇంజిన్, నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ సగం తొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు మోత. ఒక్కసారిగా తొక్కితే కార్బురేటర్‌లోంచి టప్పున పేలుతోంది. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కొత్తవి. ఐడ్లింగ్ బాగుంది. టైమింగ్ లైట్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందో చూపేది) 8 డిగ్రీలే చూపిస్తోంది. ఇంకేం చూడాలి?

జవాబు 1:
వైర్లు కొత్తవన్నారు కదా, ముందు వాటి దారి చూడండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-8-4-3-6-5-7-2, క్యాప్ మీద గడియారం ముల్లు తిరిగే వైపు. ఇందులో 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి, వెంటవెంటనే మండుతాయి. ఆ రెండు వైర్లూ ఆనుకుని పోతే, 5కి వెళ్లే కరెంటు 7లో కూడా స్పార్క్ పుట్టించగలదు. అప్పటికి 7 వంతు రావడానికి క్రాంక్ ఇంకా 90 డిగ్రీలు తిరగాలి. మోతకైనా పేలుడుకైనా ఇదొక్కటే చాలు. రెంటి మధ్య అంగుళమైనా ఎడం ఉంచండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. చీకట్లో ఇంజిన్ నడుపుతూ వైర్ల మీద నీళ్లు సన్నగా చిలకరిస్తే లీకయ్యే చోట నీలి మెరుపు కనిపిస్తుంది.

జవాబు 2:
ఆ 8 డిగ్రీలను అప్పుడే నమ్మకండి. క్రాంక్ ముందు కొసన ఉండే డ్యాంపర్‌లో (అదురు తగ్గించే చక్రం) బయటి రింగుకీ లోపలి హబ్‌కీ మధ్య రబ్బరు ఉంటుంది. అది ముదిరితే రింగు జారిపోతుంది, దానితోపాటు దాని మీది టైమింగ్ గుర్తూ జారుతుంది. బ్యాటరీ తీసేసి, 1వ ప్లగ్ కన్నంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను పైకి పోకుండా ఆపే బోల్టు) బిగించి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా రెండు వైపులా ఆగేదాకా తిప్పండి. ఆగిన రెండు చోట్లకీ సరిగ్గా మధ్యదే అసలు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు.
టైమింగ్ చూసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం పీకి మూసేయాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం టైమింగ్ 34-36 డిగ్రీలు దాటకూడదు. సగం తొక్కుడులోనే మోత వస్తోంది కాబట్టి ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) కూడా చూడండి. ఐడ్లింగ్‌లో దాని డయాఫ్రమ్‌ను చేత్తో ఎత్తితే ఇంజిన్ తడబడాలి. తడబడకపోతే దారి మసితో పూడిపోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
రబ్బరు పగిలి బయటికి ఉబికింది. 9 డిగ్రీల తేడా, అంటే నిజానికి 17 దగ్గర నడుస్తోంది! కొత్త డ్యాంపర్ వేసి 8కి పెట్టాక మోత పోయింది. వైర్లూ విడదీశాను. ఒక్కసారిగా తొక్కితే పేలడం మాత్రం ఉంది.

జవాబు 3:
అయితే ఆ క్షణంలో పెట్రోల్ చాలడం లేదు, మిక్చర్ లీనవుతోంది (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ). ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, లోపలికి చూస్తూ థ్రాటిల్ కదపండి. కదిపిన మరుక్షణం ముందరి రెండు బ్యారెళ్లలోనూ గట్టి ధార పడాలి. ఆలస్యమైనా, చుక్కలుగా పడినా యాక్సిలరేటర్ పంప్ కప్ ఎండిపోయినట్టు. చాలాసార్లు ఇదే.
ధార బాగుంటే వాక్యూమ్ గేజ్ పెట్టండి. ఐడ్లింగ్‌లో 17-21 అంగుళాల దగ్గర ముల్లు కదలకుండా నిలవాలి. తక్కువలో నిలిస్తే మ్యానిఫోల్డ్ గాస్కెట్, గొట్టాలు వెతకండి. ఒకే లయలో పడి లేస్తుంటే వాల్వు సంగతి.
క్యాప్ తీసినప్పుడు టైమింగ్ చైన్ కూడా చూసేయండి. క్రాంక్‌ను ఒకవైపు తిప్పి ఆపి, వెనక్కి తిప్పితే రోటర్ కదిలేలోపు 8-10 డిగ్రీలు పోతుంటే చైన్ సాగిపోయింది, మార్చాల్సిందే.