సమస్యాపూరణం: ముడియె లేని దారమె గట్టి ముడిగ నిలిచె

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది తేటగీతి చివరి పాదం. ఇతివృత్తం ఫిషింగ్ రాడ్ మీద దారపు చుట్లు: గైడ్లను (గాలపు దారం సాగే రింగులను) బిగించేవీ, అందం కోసం వేసేవీ. ముడి లేని దారం ముడి ఎలా అవుతుందన్నదే చిక్కు. పూరణ ఛందస్సుకూ నిలవాలి, పనికీ నిలవాలి.

నీలిపోగు:
మొదటి కొనపైన జుట్టుచు ముందు సాగి
తుదకు నొక లూపు దూర్చి యా తోక లాగ
పోగు పోగును నొక్కగా బుట్టె బిగువు
ముడియె లేని దారమె గట్టి ముడిగ నిలిచె

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. 'పోగు పోగును నొక్కగా' అన్నచోట మొత్తం రహస్యం ఉంది. మొదటి కొన తన చుట్ల కిందే అణిగిపోతుంది, ముడి ఊసే రాదు. ఒక్క అభ్యంతరం: లూపు (విడిగా తీసుకున్న దారపు మడత) 'తుదకు' దూర్చేది కాదు. ఇంకా ఆరేడు చుట్లు మిగిలి ఉండగానే దాన్ని దారం కింద పెట్టి, దాని మీదుగా చుట్టుకుపోవాలి. ఆఖరున దారం తెంపి, కొనను లూపులోకి ఎక్కించి లాగితే అది చుట్ల కిందికి వచ్చేస్తుంది. అందుకని రెండో పాదం ఇలా మారిస్తే పనికి సరిపోతుంది:
తుదకు మునుపె లూపును బెట్టి తోక లాగ

నీలిపోగు: సవరణ బాగుందండీ, తీసుకుంటున్నాను.

ఆకురాయి:
ఆకురాతితో గైడంచు నరగదీయ
మెట్టు లేకుండ దారమ్ము మీది కెక్కె
జిగురు పూత లోనికి దిగి గట్టిపడగ
ముడియె లేని దారమె గట్టి ముడిగ నిలిచె

నిర్వాహకుడు: రెండో పాదం నాకు ఎంతో నచ్చింది. గైడు కాలు (కర్ర మీద ఆనే భాగం) అంచు మొద్దుగా ఉంటే, బ్లాంక్ (రాడ్ కర్ర) మీద నుంచి పైకెక్కేటప్పుడు దారం అక్కడ గెంతుతుంది, సందు పడుతుంది. ఎపాక్సీ (చుట్ల మీద వేసే జిగురు పూత) పూశాక ఆ సందు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడో పాదంలో మాత్రం జి–గ యతి చెల్లదు. పైగా 'గట్టి' రెండుసార్లు వచ్చింది.

నీలిపోగు: 'జిగురు పూత లోనికి దిగి చెదరకుండ' అంటే? జి–చె మైత్రి ఉంది, పునరుక్తీ పోతుంది.

నిర్వాహకుడు: చక్కగా కుదిరింది. ఇంకో సంగతి. మామూలు నైలాన్ దారంలోకి ఎపాక్సీ ఇంకితే రంగు ముదురుతుంది. రంగు నిలవాలని కలర్ ప్రిజర్వర్ పూస్తే ఎపాక్సీ అంతగా లోనికి దిగదు. కాబట్టి ఈ పద్యం ప్రిజర్వర్ వేయని చుట్టుకే వర్తిస్తుంది. అది లోపం కాదు, ముదురు రంగులోనూ అందం ఉంది.

కూడలి:
ఎదుటి గీతపై నొక్కటై యేటవాలు
పోగు లెన్నియో కలియగ బూచె వజ్ర
మాల కర్రపై, కూడలి మారకున్న
ముడియె లేని దారమె గట్టి ముడిగ నిలిచె

ఆకురాయి: డైమండ్ చుట్టును (ఏటవాలు పోగులు దాటుకుంటూ వజ్రాల ఆకారం తెచ్చే అలంకారాన్ని) పద్యంలో పెట్టడం మాటలు కాదు! ముడి అంటే కట్టు కాదు, పోగులు దాటుకునే చోటు అన్న మలుపు మాకు తట్టలేదు.

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. బ్లాంక్‌కు రెండు పక్కలా ఎదురెదురుగా గీతలు గీసి, దాటులన్నీ వాటి మీదే సమదూరంలో పడేలా చూసుకోవాలి. ఒక్క దాటు పక్కకి జరిగినా దాని మీద వేసే ప్రతి రంగూ ఆ వంకర్నే పెంచుతుంది. 'కూడలి మారకున్న' అన్న షరతు అందుకే అంత బలంగా ఉంది. అయితే ఈ పోగుల కొనలు రెండు చివర్లా వేసే అడ్డచుట్టు కింద నిలుస్తాయి, అది పద్యంలో లేదు. 'ఎదుటి గీతపై నొక్కటై' చోట దాన్ని ఇరికించగలరేమో చూడండి, యతి ఎ–ఏ చెడకుండా.