అప్‌డేట్: దక్కని గొర్రె ఉన్ని దారం ఇప్పుడు తెగట్లేదు

నల్ల దక్కని గొర్రె ఉన్ని కదురు మీద వడుకుతుంటే జానెడు దారం రాకముందే పుటుక్కున తెగిపోతోందని పోయిన నెల అడిగాను. ఉన్నిని బాగా ఏకమని (అంటే పీచులు విడిపోయేలా విప్పమని), దారం లావుగా తీయమని చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. రెండూ పనిచేశాయి.

అసలు తప్పు నాదే. సన్నటి దారం కోసం పట్టుబట్టాను. ఇది ముతక ఉన్ని, స్వెటర్ల ఉన్ని కాదు. పక్క ఊళ్లో గొంగళ్లకు ఉన్ని దారం వడికే కురుమ అవ్వ దగ్గర కూర్చున్నాక అర్థమైంది. ఆమె పిడికెడు ఉన్నినే తీసుకుని, మబ్బులా విడిపోయేదాకా వేళ్లతో విప్పింది. దారాన్ని వేలికీ వేలికీ మధ్య నలిపి, పురి గట్టిగా ఎక్కాకే కదురుకు చుట్టింది. నేను పురి ఎక్కకముందే లాగేస్తున్నాను, టెన్షన్‌లో.

వేడి నీళ్లలో సర్ఫ్ వేసి ఉతకడం కూడా మానేశాను. చల్లటి నీళ్లలో జాడించి నీడన ఆరబెడితే ఉన్ని పెళుసెక్కలేదు.

ఇప్పుడు రెండు ఉండలయ్యాయి. నేతకు ముందు పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు దారాలకు, చింతగింజల గంజి పెట్టాలట, అది ఇంకా నేర్చుకోవాలి. ఉన్ని దొరకడమే కష్టం. మాంసానికి ఉన్ని లేని నెల్లూరు గొర్రెలే లాభమని మా చుట్టుపక్కల చాలామంది మారిపోయారు. అవ్వ వాళ్ల మందలో నల్లవి పదకొండే మిగిలాయి. వచ్చే కత్తిరింపు ఉన్నంతా నాకే ఇమ్మని ఇప్పుడే చెప్పి వచ్చాను.