ఎగ్జామినరుతో ఇంటర్వ్యూ: రాతపూర్వక జవాబుకు ముందు అడగవచ్చా?

చిత్తుప్రతి:
హైదరాబాదు నుంచి అమెరికా పేటెంట్ దరఖాస్తుల మీద పనిచేసే మా బృందంలో ఒక విషయం తేలడం లేదు. మొదటి ఆఫీస్ యాక్షన్ (పేటెంట్ కార్యాలయం అభ్యంతరాలు రాసి పంపే ఉత్తరం) రాగానే, జవాబు దాఖలు చేయకముందే, దరఖాస్తును పరిశీలించే అధికారి అయిన ఎగ్జామినరుతో ఇంటర్వ్యూ అడగాలని నేనంటాను. వాదనంతా కాగితం మీదే నడవాలని మా సీనియర్లు అంటారు. నిరుడు ఒక పంపు నియంత్రణ పరికరం దరఖాస్తులో "కపుల్డ్" అన్న మాటను మేము నేరుగా బిగించిన అనే అర్థంలో రాశాము. క్లెయిములోని (ఆవిష్కరణలో మేము హక్కు కోరే మేరను చెప్పే వాక్యంలోని) మాటను సమంజసమైనంత విస్తృతంగా చదవడం ఎగ్జామినరు విధి కాబట్టి, మధ్యలో వేరే భాగాలున్నా ఆ మాట వర్తిస్తుందని ఆయన చదివారు. ఫైనల్ రిజెక్షన్ (తుది తిరస్కరణ) వచ్చి, పరిశీలన కొనసాగించమని కోరే ఆర్‌సీఈ రుసుము కట్టాక గాని గొడవ అంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉందని మాకు అర్థం కాలేదు. అరగంట మాట్లాడి ఉంటే ముందే తెలిసేదని ఇప్పటికీ బాధగానే ఉంది.

గోదారిగట్టు:
మీ బాధ సమంజసమే గాని, మీ సీనియర్ల భయం కూడా ఊరికే పుట్టినది కాదు. అమెరికా పేటెంట్ నిబంధనల్లో 1.2 ప్రకారం కార్యాలయంతో వ్యవహారమంతా రాతలోనే జరగాలి, నోటిమాటగా ఇచ్చిన హామీ మీద వివాదమో సందేహమో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోరు. 1.133 ప్రకారం, ఇంటర్వ్యూ ఆధారంగా పునఃపరిశీలన కోరితే అక్కడ చెప్పిన కారణాలను దరఖాస్తుదారు పూర్తిగా రాసి దాఖలు చేయాలి. ఇంటర్వ్యూ జరిగినంత మాత్రాన ఆఫీస్ యాక్షనుకు జవాబు ఇవ్వనవసరం లేదనుకోకూడదు. అంటే ఎగ్జామినరు "ఈ సవరణ బాగానే ఉంది" అన్నా అది మిమ్మల్ని కాపాడదు, మీరు తొందరపడి "మా పరికరంలో మధ్య భాగాలు ఉండవు" అన్నది మాత్రం ఇంటర్వ్యూ సారాంశంలోకి ఎక్కి ఫైల్లో నిలిచి, రేపు ఉల్లంఘన దావాలో ప్రతివాది చేతికి ఆయుధమవుతుంది. 2002 నాటి అమెరికా సుప్రీంకోర్టు ఫెస్టో తీర్పు తరువాత, పేటెంటు పొందడానికి క్లెయిమును కుదించినవారు వదులుకున్న మేరను ఈక్వివలెంట్స్ సిద్ధాంతం (క్లెయిము మాటల్లో లేకున్నా దానికి సమానమైనదాన్నీ ఉల్లంఘనగా చూసే సూత్రం) కింద తిరిగి కోరడం ఎంత కష్టమో మీకు తెలిసిందే.

మూడో క్లెయిము:
గోదారిగట్టు గారూ, మీరు చూపిన ప్రమాదం మాట్లాడటంలో కంటే సిద్ధపడకుండా మాట్లాడటంలో ఉంది. కాగితం మీద తొందరపడినా ఎస్టాపెల్ (వదులుకున్నదాన్ని తిరిగి కోరనివ్వని అడ్డంకి) వస్తుంది కదా? నేను అడిగేది మరొకటి: ఎదుట కూర్చున్న ఎగ్జామినరుకు సొంతంగా సంతకం చేసే అధికారం ఉందా? లేకపోతే ఆయన ఒప్పుకున్నది పై అధికారి దగ్గర ఆగిపోవచ్చు కాబట్టి, సంతకం చేసేవారిని కూడా రమ్మని ముందే కోరాలి. ఇంకో మాట, మన దేశపు పేటెంట్ హియరింగును అక్కడి ఇంటర్వ్యూతో కలపకండి. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చూసే చెన్నై పేటెంట్ కార్యాలయంలో మన పేటెంట్ చట్టం సెక్షన్ 14 కింద మనల్ని వినేది నిర్ణయం తీసుకునే అధికారి అయిన కంట్రోలరు, విన్నాక పదిహేను రోజుల్లో రాతపూర్వక నివేదన ఇవ్వాలి. అది నిర్ణయానికి ముందటి విచారణ. అమెరికా ఇంటర్వ్యూ అభిప్రాయ భేదం ఎక్కడుందో వెతుక్కునే సంభాషణ. అక్కడికి హియరింగు ధోరణిలో వాదించడానికి వెళ్తేనే అనవసరమైన మాటలు రికార్డుకెక్కుతాయి.

చిత్తుప్రతి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంటర్వ్యూ అడగాలన్న మాట మీదే ఉంటాను గాని, దానికి వెళ్ళే తీరు మార్చుకుంటాను. సవరించిన క్లెయిముల ముసాయిదాను ముందే పంపితే అది కూడా ఫైల్లో చేరుతుంది కాబట్టి, ఈసారి ముసాయిదా పంపకుండా రెండు ప్రశ్నలు మాత్రమే పంపుతాను: ఈ మాటను మీరు ఏ అర్థంలో చదివారు, ఉదహరించిన పాత పేటెంటులో ఏ భాగం దానికి సరిపోతుందని భావించారు. ఆయన జవాబు విన్నాక, మా స్పెసిఫికేషనులో (దరఖాస్తులోని ఆవిష్కరణ వివరణలో) ఆధారమున్న సవరణనే రాతలో దాఖలు చేస్తాము. మా సీనియర్లు దీనికైనా ఒప్పుకుంటారేమో సోమవారం అడుగుతాను.