హెలిటాక్ మేనేజర్‌గా మొదటి సీజన్: లోడ్ లెక్క, పైలట్, క్రూ గురించి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొండగాలి_కర్నూలు:
అందరికీ నమస్తే. ఉత్తర కాలిఫోర్నియాలో ఏ-స్టార్ అనే చిన్న హెలికాప్టర్ మీద హెలిటాక్ క్రూలో, అంటే హెలికాప్టర్‌తో అడవి మంటలు ఆర్పే బృందంలో పనిచేస్తున్నాను. ఈ సీజన్‌లో మేనేజర్ ట్రైనీగా నాకు టాస్క్ బుక్ (నేర్చుకున్న పనులు నమోదు చేసే పుస్తకం) తెరిచారు. మంట దగ్గర పని నాకు వచ్చు. మంటను ఆపే లైన్ తవ్వడం, హెలికాప్టర్‌కు నీళ్ల బకెట్ తగిలించడం, నెట్‌లో సామాను సర్దడం లాంటివి కష్టం కాదు. కానీ మనుషుల్ని, పైలట్‌ని, కాగితాల్ని, రేడియోని ఒకేసారి చూసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. మా పైలట్ కాంట్రాక్ట్ కంపెనీ మనిషి, వయసులో మా నాన్నంత ఉంటాడు. ఆయన వేసిన లెక్కను నేను తప్పు పట్టవచ్చా? ‘ఈ ట్రిప్ వద్దు’ అని ఎలా చెప్పాలి? ఈ పని చేసినవాళ్లు, దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా సరే, మీ అనుభవం రాయండి.

సియెరా_సుధ:
తమ్ముడూ, నేను కొన్నేళ్లుగా హెలికాప్టర్ మేనేజర్‌ని. ముందు లోడ్ లెక్క సంగతి చెప్తాను, మిగతావన్నీ దాని తర్వాతే.

హెలికాప్టర్ ఎంత బరువు ఎత్తగలదో లెక్కవేసే షీటు పైలట్ నింపుతాడు, నువ్వు సరిచూస్తావు. సంతకం ఇద్దరిదీ. అంటే ఆ అంకెలు నీకు కూడా అర్థమై తీరాలి. ఎత్తు, ఎండ కలిస్తే ఏమవుతుందో చూడు. 6,500 అడుగుల కొండ మీద 35 డిగ్రీలు ఉంటే, హెలికాప్టర్ రెక్కలకు అందే గాలి సుమారు 10,500 అడుగుల ఎత్తులో ఉండేంత పల్చగా ఉంటుంది. పొద్దున 8 గంటలకు నలుగురిని ఎత్తిన ఏ-స్టార్ మధ్యాహ్నం 3 గంటలకు అదే నలుగురిని ఎత్తలేకపోవచ్చు. అందుకే పొద్దున వేసిన షీటుతో సాయంత్రం దాకా నడపకు. ఎండ పెరిగినా, ఎక్కువ ఎత్తుకు పోవాల్సి వచ్చినా మళ్లీ వేయించు.

రెండోది, నేలకు దగ్గరగా గాలిలో నిలబడే లెక్క వేరు, నేల ఆసరా లేకుండా నిలబడే లెక్క వేరు. చదునైన చోట దిగేటప్పుడు కింద గాలి దిండులా ఆదుకుంటుంది. కొండ కొన మీద ఆ ఆసరా ఉండదు. బకెట్‌కు, లాంగ్‌లైన్‌కు (సామాను వేలాడదీసే పొడవైన తాడుకు) అసలే ఉండదు. అలాంటి పనికి ఎప్పుడూ ఆసరా లేని అంకెనే తీసుకోవాలి.

ఐరన్ 44 ప్రమాదం గురించి నీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. అయినా ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. 2008 ఆగస్టు 5న ట్రినిటీ కౌంటీ కొండల్లో క్రూను వెనక్కి తెస్తున్న సికోర్‌స్కీ ఎస్-61 హెలికాప్టర్ హెలిస్పాట్ (కొండ మీద దిగే చోటు) నుంచి లేస్తూనే కూలిపోయింది. అందులో ఉన్న 13 మందిలో 9 మంది చనిపోయారు. హెలికాప్టర్ ఖాళీ బరువును కంపెనీ కాగితాల్లో తక్కువ చూపిందని, పనితీరు చార్టును మార్చిందని విచారణలో తేలింది. నన్ను కలచివేసే సంగతి ఇంకొకటి ఉంది. అదే చోటు నుంచి అంతకుముందు లేచిన రెండుసార్లూ ఇంజన్ తన శక్తి చివరి అంచు దాకా వెళ్లింది. మూడోసారి కూడా అలాగే బయల్దేరారు. అందుకే నేను ప్రతి ట్రిప్ తర్వాత పైలట్‌ని అడుగుతాను: ‘పవర్ ఎంత మిగిలింది?’ ఆయన చెప్పిన జవాబు షీటుతో పొసగకపోతే తర్వాతి ట్రిప్ ఆపేసి మళ్లీ తూకం వేయిస్తాను.

తూకం_రాయి:
సుధక్క మాటకు ఒక చిన్న చేర్పు. మనిషిని బూట్లు, హెల్మెట్, బ్యాగు, నీళ్ల సీసాలతో సహా రోజూ తూచాలి. ‘నా బరువు మీకు తెలుసు కదా’ అని కౌంటీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసర్ అన్నా సరే, కాటా ఎక్కిన తర్వాతే మానిఫెస్ట్‌లో (ఎక్కేవాళ్ల జాబితాలో) పేరు రాయండి. గ్యాలన్ ఇంధనం సుమారు 7 పౌండ్లు. 20 గ్యాలన్లు ఎక్కువ పోస్తే ఒక చిన్న మనిషి ఎక్కినంత బరువు.

పాత_ఫ్లైట్_ఇంజనీర్:
నేను వైమానిక దళంలో ఎంఐ-17 మీద పనిచేసి రిటైర్ అయ్యాను. 2016లో ఉత్తరాఖండ్ అడవులు తగలబడినప్పుడు భీమ్‌తాల్ చెరువు నుంచి బాంబీ బకెట్‌తో (హెలికాప్టర్ కింద వేలాడే నీళ్ల సంచితో) నీళ్లు తీసుకెళ్లి మంటల మీద పోశారు. 2021లో, 2024లో కూడా ఆ కొండల్లో మళ్లీ అదే పని పడింది.

కుమాయూన్ కొండల్లో మాకు మంటకన్నా పొగతోనే ఎక్కువ ఇబ్బంది. లోయంతా పొగ నిండితే ఎదురుగా ఉన్న శిఖరం కూడా కనపడదు. తీగలు మరీ ప్రమాదం. ఈ కొండ నుంచి ఆ కొండకు లాగిన కరెంటు తీగలు మ్యాపులో అన్నీ ఉండవు. నీళ్ల ట్రిప్‌కు ముందు బకెట్ లేకుండా ఒకసారి ఎగిరి తీగలు, దిగే దారి, తప్పించుకునే దారి చూసుకోవాలి. ఈ ఒక్క ట్రిప్‌కు టైమ్ వేస్ట్ అనేవాళ్ల మాట వినకండి.

బాంబీ బకెట్‌ను నిండా నింపాలన్న నియమం లేదు. దానికి ఉన్న పట్టీని బిగిస్తే తక్కువ నీళ్లే పడతాయి. మధ్యాహ్నం పూట పట్టీ బిగించే ఎగరాలి. ఖాళీ బకెట్‌తో వేగంగా పోకూడదు. అది వెనక్కి తేలి తోక రోటర్ వైపు రాగలదు.

మాకూ మీకూ ఒక తేడా ఉంది. మాది ఒకే యూనిట్. పైలట్, కో-పైలట్, ఫ్లైట్ ఇంజనీర్ ఒకే మెస్‌లో తింటాం, ఒకరి గొంతులో తేడా ఇంకొకరికి ఇట్టే తెలుస్తుంది. మీకు పైలట్ కంపెనీ నుంచి, క్రూ ప్రభుత్వం నుంచి వస్తారు. ఆ నమ్మకం దానంతట అది రాదు బాబూ, సీజన్ మొదట్లోనే కూర్చుని కట్టుకోవాలి.

కొండగాలి_కర్నూలు:
సార్, చివరి మాట సరిగ్గా నా సమస్యే. మా పైలట్ మంచివాడే, కానీ తక్కువ మాట్లాడతాడు. అడిగితే ‘చూసుకుంటాలే’ అంటాడు.

సియెరా_సుధ:
ఆయన నైపుణ్యం గురించి మాట్లాడకు, పని గురించి మాట్లాడు. ‘మీరు చేయగలరా?’ అని అడిగితే ఏ పైలటైనా చేయగలననే అంటాడు. ‘ఆ హెలిస్పాట్‌లో గాలి తిరిగితే ఏ వైపు నుంచి బయటికి వస్తారు?’ అని అడుగు. జవాబు చెప్పడానికి ఆయన ఆలోచించక తప్పదు. ఆలోచించాక చాలాసార్లు ఆయనే ‘ఇంకో చోటు చూద్దాం’ అంటాడు.

ఎగిరే ముందు చూడాల్సిన 5 సంగతులు ఉన్నాయి కదా: పైలట్‌కీ హెలికాప్టర్‌కీ కార్డులు చెల్లుబాటులో ఉన్నాయా, ఫ్లైట్ ప్లాన్, ఫాలోయింగ్ (హెలికాప్టర్ జాడ కనిపెట్టడం) మొదలయ్యాయా, నోమెక్స్ (నిప్పు తట్టుకునే బట్టలు), హెల్మెట్ అందరికీ ఉన్నాయా, పైలట్‌కు పని, ప్రమాదాలు చెప్పారా, ఎక్కేవాళ్లకు బ్రీఫింగ్ అయిందా. వీటిని నేను కంఠతా చదవను, ఒక్కోదాన్ని ఒక్కో కుర్రాడికి అప్పగిస్తాను. అప్పుడు ‘ఆగండి’ అనే అధికారం మేనేజర్ ఒక్కడి చేతిలో ఉండిపోదు. మా క్రూలో సీజన్ మొదటి వారం చేరిన పిల్ల కూడా ట్రిప్ ఆపించగలదు, ఆపించింది కూడా. సీటు బెల్టు బయట వేలాడుతుంటే చూసింది.

పైలట్ గంటల లెక్క కూడా నీదే. రోజుకు 8 గంటలకు మించి ఎగరకూడదు, డ్యూటీ 14 గంటలు దాటకూడదు, 6 రోజుల్లో 42 గంటలు మించకూడదు. మంట పెద్దదైతే ఈ అంకెలు చాలా త్వరగా దగ్గరపడతాయి. మధ్యాహ్నానికే ఆయనకు ఎన్ని గంటలు మిగిలాయో చూసి ఎయిర్ అటాక్‌కు (మంట మీద ఎగిరేవాటి పని చూసే అధికారికి) చెప్పు. సాయంత్రం మంట ఉధృతంగా ఉన్నప్పుడు ‘మా పైలట్ గంటలు అయిపోయాయి’ అంటే కింద క్రూలకు కష్టం.

డిస్పాచ్_అక్క:
నేను రేడియో దగ్గర కూర్చునేదాన్ని. ఎగురుతున్న హెలికాప్టర్ నుంచి 15 నిమిషాలకు ఒకసారి కబురు రావాలి, లేదా తెర మీద దాని జాడ కనపడుతుండాలి. రాకపోతే పిలుస్తాం. పలకకపోతే వెతికే ఏర్పాట్లు మొదలుపెడతాం. మీకు అది నసలా అనిపించవచ్చు, కానీ ఆ 15 నిమిషాలూ నా కళ్లు గడియారం మీదే ఉంటాయి. దిగబోయే ముందు ‘దిగుతున్నాం’ అని, దిగాక ‘దిగాం’ అని చెప్పండి. కొండ వెనక రేడియో అందకపోతే ఎవరి ద్వారా కబురు పంపుతారో ముందే అనుకోండి.

డ్రోన్ల సంగతి కూడా చెప్పాలి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంట మీద నీళ్లు పోస్తున్న, కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన విమానం రెక్కను ఒక డ్రోన్ ఢీకొట్టి చిల్లు చేసింది. ఆ విమానం మరమ్మతు అయ్యేదాకా నేల మీదే ఉంది. అంత మంటలో ఒక నీళ్ల విమానం పోవడమంటే ఏమిటో ఊహించండి. మీ హెలిబేస్ (హెలికాప్టర్లు ఉండే స్థావరం) చుట్టుపక్కల ఎవరు డ్రోన్ ఎగరేస్తున్నా వెంటనే చెప్పండి. వీడియో కోసం మన తెలుగు పిల్లలు కూడా ఎగరేస్తుంటారు, వాళ్ల తల్లిదండ్రులు ఇది చదివితే దయచేసి ఆపండి.

శేషాచలం_బీట్:
నేను అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌ని. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అగ్గి లేచినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. జనం అందరూ పైకి చూసి ఇక ఆరిపోతుంది అనుకున్నారు. మా అడవిలో బోద గడ్డి మనిషి ఎత్తు ఉంటుంది. పైన తడిసినా కింద దుంగల్లో నిప్పు ఉంటే గాలి తిరగగానే మళ్లీ రాజుకుంటుంది. నీళ్లు పడిన వెంటనే పచ్చి కొమ్మలతో కొట్టి, గడ్డి చెక్కి ఫైర్ లైన్ తీయడానికి మనుషులు అక్కడ ఉండాలి. ఫైర్ వాచర్లు లేకుండా హెలికాప్టర్ ఒక్కటే చేసేది తక్కువ.

నా ప్రశ్న ఏమంటే, నీళ్లు ఎక్కడ పోయాలో నేల మీద ఉన్న మేం పైలట్‌కు ఎలా చూపించాలి? పోసేటప్పుడు మా వాళ్లు ఎంత దూరంలో ఉండాలి?

కొండగాలి_కర్నూలు:
అన్నా, ఇది నాకు వచ్చు. పైలట్‌కు మీ ఎడమ, కుడి తెలియవు. ఆయన కూర్చున్న వైపు నుంచి గడియారం లెక్కలో చెప్పాలి: ‘మీకు 2 గంటల దిక్కున, తెల్లటి బండ’. పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకు రండి. ముందు గట్టు, తర్వాత బండ, ఆ తర్వాత మంట కొస. ఎండ ఉంటే అద్దం మెరిపించడం అన్నిటికన్నా సులువు. నీళ్లు పడ్డాక ‘20 గజాలు పైకి’ అని దిద్దండి, బాగా పడితే బాగా పడిందని కూడా చెప్పండి. వాళ్లకు పై నుంచి తెలియదు.

దూరం సంగతి కొస్తే, 300 గ్యాలన్ల బకెట్ అంటే సుమారు 1,100 కిలోల నీళ్లు. అది తక్కువ ఎత్తు నుంచి పడితే ఎండుకొమ్మలు, రాళ్లు ఊడి వస్తాయి. మేం మనుషుల్ని పక్కకు తప్పించి, ‘లైన్ ఖాళీ’ అని రేడియోలో చెప్పేదాకా పైలట్ పోయడు. వాలు కింద ఎవరూ ఉండకూడదు, ఎండిన చెట్ల కింద అసలు ఉండకూడదు.

శేషాచలం_బీట్:
థాంక్స్ తమ్ముడూ. అద్దం సంగతి ఈ వేసవికే మా వాచర్లకు నేర్పిస్తా.

ఇంధనం_బండి:
నేను కంపెనీ తరఫున ఇంధనం ట్రక్ నడుపుతాను. హెలిబేస్‌లో దుమ్ము గురించి ఎవరూ రాయలేదు. దుమ్ము లేస్తే పైలట్‌కు నేల కనపడదు, ఇంజన్ కూడా పాడవుతుంది. పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ పిలిపించుకోండి. దిగే చోట ఖాళీ వలయం అడ్డంగా కొలిస్తే (వ్యాసం) చిన్న హెలికాప్టర్‌కు 75 అడుగులు, మధ్యస్థానికి 90, పెద్దదానికి 110 ఉండాలి. కొలవండి, కంటితో చూసి చెప్పకండి. వాలులో దిగితే పై గట్టు వైపు నుంచి ఎవరూ దగ్గరికి రాకూడదు, అటువైపు రోటర్ తల ఎత్తులోనే తిరుగుతుంటుంది. ఒక చెరువులో ముంచిన బకెట్‌ను కడగకుండా ఇంకో చెరువుకు తీసుకెళ్లకండి, మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు అంటుకుని పోతాయి.

సియెరా_సుధ:
క్రూ గురించి కూడా ఒక మాట రాయాలి. మంట ఉన్న రోజు క్రూను నడపడం తేలిక, అందరికీ పని ఉంటుంది. కష్టమంతా కాల్ రాని రోజులది. ఎండలో హెలికాప్టర్ పక్కన కూర్చుని వారం గడిస్తే చిన్న మాటకు గొడవలు వస్తాయి, ఫోన్లలో మునిగిపోతారు. అప్పుడే కాల్ వస్తుంది. నేను ఆ రోజుల్లో బకెట్ తగిలించడం, నెట్ కట్టడం, కూలితే మనుషుల్ని బయటికి లాగడం సాధన చేయిస్తాను, ప్రతిసారీ వేరొకరు నడిపిస్తారు. సాయంత్రం అందరం నిలబడి ఆ రోజు గురించి మాట్లాడుకుంటాం, ముందు జూనియర్లు, చివర పైలట్, ఆఖరున నేను. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే పిల్లలు తలూపి ఊరుకుంటారు. 14 రోజుల డ్యూటీ చివర్లో ఎవరు తినడం తగ్గించారో, ఎవరు నవ్వడం మానేశారో గమనించు. వాళ్లను మరుసటి రోజు హెలిస్పాట్‌కు పంపకుండా బేస్‌లో పెట్టుకో.

కొండగాలి_కర్నూలు:
అక్కా, సాయంత్రం కొండ మీద వదిలిన క్రూను వెనక్కి తెచ్చే టైమ్ ఎలా లెక్క కడతారు?

సియెరా_సుధ:
మన హెలికాప్టర్ సూర్యాస్తమయం అయ్యాక 30 నిమిషాల్లోపు నేల మీద ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టు. ఎన్ని ట్రిప్‌లు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు, మధ్యలో ఇంధనం, పైలట్‌కు మిగిలిన గంటలు, అన్నీ కలిపి పైన ఇంకో అరగంట వేసుకో. ఆ టైమ్‌ను పొద్దున బ్రీఫింగ్‌లోనే క్రూ బాస్‌కు రాసివ్వు. పొగ వల్ల రాలేకపోవడం మామూలే, కాబట్టి మొదటి ట్రిప్‌లోనే స్లీపింగ్ బ్యాగులు, రెండు పూటల తిండి, రేడియో బ్యాటరీలు పైకి పంపు. ఎవరికైనా దెబ్బ తగిలితే రాత్రి ఏ దారిన కిందికి మోయాలో కూడా వాళ్లతో మ్యాపు మీద గీయించు. మీ ఏ-స్టార్ ఏ మోడలో చెప్పు, నా దగ్గరున్న ట్రిప్ షీటు నమూనా పంపుతాను.

కొండగాలి_కర్నూలు:
బీ3 అక్కా. పంపండి, రేపు పైలట్‌తో కూర్చుని నింపుతాను.