రాజీనామా రాయమంటున్నారు, పరిహారంపై పన్ను ఎంత పడుతుంది?

పీణ్య లేత్:
మాది హిందూపురం. బెంగళూరు పీణ్యలో 60 మంది పనిచేసే కర్మాగారంలో 14 ఏళ్ల 8 నెలలుగా సీఎన్‌సీ లేత్ (కంప్యూటరుతో నడిచే యంత్రం) నడుపుతున్నాను. ఆర్డర్లు తగ్గాయని తొమ్మిది మందిని తీసేస్తున్నారు. 2025 ఫిబ్రవరి 28 నా ఆఖరి రోజు. నెల జీతం 36,000. పరిహారం 4,00,000, నోటీసు జీతం 36,000, గ్రాట్యుటీ వేరు. సెటిల్‌మెంట్ కాగితంలో పరిహారమంతా జీతంలో కలిపేసి 26,728 పన్ను కోస్తామని రాశారు. రాజీనామా రాసిస్తే ఇంకో 20,000 ఇస్తారట. అమ్మాయి పీయూసీలో చేరే ఏడాది ఇది. సంతకం చేయమంటారా?

రాజాజీనగర్ పద్దులు:
చేయకండి అన్నా. ఆ 20,000 మీకు లాభం కాదు.

మీకు వర్తించే 2024-25 ఆర్థిక సంవత్సరపు నిబంధనల్లో, యాజమాన్యం తీసేసిన కార్మికుడికి ఆదాయపు పన్ను చట్టం 10(10బి) కింద మినహాయింపు ఉంది. వచ్చిన పరిహారం, 5 లక్షలు, పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ ప్రకారం వచ్చే మొత్తం, ఈ మూడింటిలో ఏది తక్కువైతే దానిపై పన్ను లేదు. 25ఎఫ్ అంటే పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కిస్తారు కాబట్టి మీకు 15 ఏళ్లు. 18,000 చొప్పున 2,70,000. మిగిలిన 1,30,000 మాత్రమే ఆదాయంలో చేరుతుంది. దానికి ఏప్రిల్ నుంచి పదకొండు నెలల జీతం, నోటీసు జీతం కలిపితే 5,62,000. కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోతే 4,87,000. 2024-25కి ఉన్న ఏడు లక్షల పరిమితి లోపే కాబట్టి రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా.

రాజీనామా ఇచ్చారంటే అది తొలగింపు కానే కాదు. 4,20,000 మొత్తం ఆదాయమై పన్ను 28,808 పడుతుంది. 20,000 చేతిలో పెట్టి అంతకంటే ఎక్కువ పోగొడుతున్నారు. పైగా రేపు వాళ్లే మళ్లీ మనుషులను తీసుకుంటే పారిశ్రామిక వివాదాల చట్టం 25హెచ్ ప్రకారం మీకు దక్కాల్సిన ప్రాధాన్యం కూడా పోతుంది. గ్రాట్యుటీ గురించి బెంగ వద్దు, చట్టప్రకారం వచ్చేదానికి 20 లక్షల దాకా పన్ను లేదు.

వైట్‌ఫీల్డ్ వాసి:
ఇది చదివి ఐటీ కంపెనీల ఉద్యోగులు పొరబడకూడదని రాస్తున్నాను. నేను మేనేజరుగా ఉండగా తీసేశారు. మేనేజరు చట్టం దృష్టిలో కార్మికుడు కాడు. అందుకే 10(10బి) నాకు వర్తించలేదు, పరిహారమంతా ఆదాయపు పన్ను చట్టం 17(3) కింద జీతమైంది. సెక్షన్ 89 ఉపశమనంతో కొంత తగ్గింది. దానికి రిటర్న్ కంటే ముందే ఫారం 10ఇ ఆన్‌లైన్‌లో వేయాల్సి వచ్చింది.

చిన్న పరిశ్రమల అకౌంటెంట్:
యజమాని వైపు నుంచి చెబుతాను. పరిహారం వ్యాపార ఖర్చే, 2024-25 లెక్కల్లో ఆదాయపు పన్ను చట్టం 37(1) కింద చూపుకోవచ్చు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకమైతే 35డీడీఏ కింద ఐదేళ్లకు సమంగా పంచాలి. కాబట్టి మీ రాజీనామాతో వాళ్లకు పన్ను మిగలదు. తక్కువ కోస్తే తమ మీదికి వస్తుందన్న భయంతో కొందరు అకౌంటెంట్లు మొత్తానికీ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేస్తారు. తొలగింపు పత్రంలో 25ఎఫ్ అని, పరిహారం లెక్కతో సహా రాయించుకోండి. అప్పటికీ కోస్తే రిటర్న్‌లో మినహాయింపు చూపి వాపసు అడగవచ్చు.

పీణ్య లేత్:
మీ అందరి మేలు మరచిపోను. రాజీనామా కాగితం తిరిగి ఇచ్చేశాను. 2,70,000 లెక్క కన్నడంలో రాసి అకౌంట్స్‌లో ఇచ్చాను, సోమవారం చెబుతామన్నారు. మిగిలిన ఎనిమిది మందిలో ఇద్దరు నిన్ననే సంతకం చేశారు. వాళ్లు దాన్ని వెనక్కి తీసుకునే దారి ఉందా?